ఎనిమిది కొక్కేలు

మా నాయనకు నేనొక్కదాన్నే సంతానమని చర్చిలో అందరూ అనుకుంటారు. అది తప్పు. నాకొక తోబుట్టువు ఉంది, దానికి నలభై కాళ్లు. నల్లటి వీపు మీద 2650 అని అంకె ఉంటుంది. నాకు జ్వరం వస్తే మందు ఏ పూట వేయాలో నాయనకు ఎన్నడూ గుర్తుండేది కాదు గానీ, ఆ కంప్యూటర్ చిప్పును మాత్రం సిగరెట్టు పెట్టెలోని వెండికాగితంలో చుట్టి, సబ్బుపెట్టెలో పెట్టి, ఆ సబ్బుపెట్టెను బైబిలు పక్కన భద్రంగా ఉంచేవాడు. నేను ముట్టుకోబోతే కసిరేవాడు. దాని మీద నాకు చిన్నప్పుడు కుళ్లు, కాలేజీలో కోపం, పెళ్లయ్యాక భయం.

దాని చరిత్ర చెప్పాలంటే ఆలస్యంతోనే మొదలుపెట్టాలి. డెబ్బైల మొదట్లోనే, పెద్ద కంప్యూటర్ ఒకదాని పోకడ చూసి, ఈ చిప్పు నమూనా గీసి పెట్టుకున్నారట. తయారుచేసేవాళ్లకు వేరే పనుల తొందర. అది బజారుకు వచ్చేసరికి డెబ్బైలు సగం గడిచిపోయాయి, మిగతా చిప్పులు అప్పటికే పీటలేసుకుని కూర్చున్నాయి. యూరప్‌లో కొన్ని వీడియో ఆటల పెట్టెల్లోనూ, ఇంట్లో కూర్చుని సొంతంగా కంప్యూటర్లు కట్టుకునే సరదా మనుషుల బల్లల మీదా కొన్నాళ్లు బతికింది. అంతే. నేను డిప్లొమా చదివేటప్పుడు మాకు 8085 అనే వేరే చిప్పు గురించి చెప్పారు. ఏ కాలేజీకి పోయినా 8085నే. 2650 గురించి అడిగితే మా లెక్చరర్ అదేమన్నా స్కూటర్ నంబరా అన్నాడు, క్లాసంతా నవ్వింది. ఆ కోపం ఇంటికి తెచ్చి నాయన మీద చూపించాను. ఆయన తాపీగా విని, మీ సారుకు తెలీదులే అని నన్నే ఓదార్చాడు.

మా ఊరు కేజీఎఫ్‌కు అది వచ్చిన దారి కూడా చిత్రమే. బంగారు గనులు నడిచే రోజుల్లో వర్క్‌షాపులో ఒక ఇంజనీరు నీళ్ల పంపులకు తగిలించి చూద్దామని ఆ చిప్పున్న బోర్డు ఒకటి తెప్పించుకున్నాడు. తగిలించకముందే ఆయనకు వేరే ఊరికి బదిలీ అయింది. పోతూ పోతూ, ఇక్కడుంటే తుక్కులో పోతుంది, నువ్వుంచుకో అని బోర్డునూ మాన్యువల్‌నూ నాయన చేతిలో పెట్టి పోయాడు. నాయన వైండర్ దగ్గర ఎలక్ట్రీషియన్. వైండర్ అంటే మనుషుల్ని గనిలోకి దించి, మళ్లీ పైకి లాగే పెద్ద మోటారు. ఇంగ్లీషు మాన్యువల్‌ను డిక్షనరీ పక్కన పెట్టుకుని, ఆదివారం చర్చి నుంచి వచ్చాక పూటకో పేజీ చొప్పున ఏళ్లకేళ్లు చదివాడు.

ఆయనకు దానిలో బాగా నచ్చింది ఒకటుంది. ఆ కాలపు చిప్పులు చాలావాటికి లోపల గడియారంలా కొట్టుకునే తాళం ఆగితే మతి పోతుంది. దీనికి పోదు. తాళం ఆపేసి, అన్నం తిని వచ్చి మళ్లీ మొదలుపెడితే వదిలిన చోటి నుంచే అందుకుంటుంది. నాయన ఆ తాళం బదులు ఒక కాలింగ్ బెల్ బటన్ తగిలించి, నొక్కుకొక అడుగు చొప్పున దాన్ని నడిపించేవాడు. "చూడమ్మా, ఆపితే ఆగతాది, కానీ మర్సిపోదు" అని మురిసిపోయేవాడు. అమ్మ వంటింట్లోంచి, కూతురికి మాటలొచ్చినప్పుడు కూడా ఇంత మురవలేదు అని దెప్పేది.

మా ఊళ్లో గంట అంటే ఏమిటో ఇక్కడే చెప్పాలి. షాఫ్టులో, అంటే గనిలోకి దిగే నిలువు గోతిలో, కింద ఉన్నవాడు పైవాడికి ఏం చెప్పాలన్నా గంటతోనే చెప్పాలి. ఒకటి కొడితే ఆపు. రెండు కొడితే దించు. మూడు కొడితే మనిషి ఎక్కుతున్నాడు, మెల్లగా లాగు. కొట్టినంత మాత్రాన ఏదీ కదలదు. పైవాడు విన్నది విన్నట్టు తిరిగి కొట్టాలి, మూడుకు మూడు. ఆ జవాబు పోయాకే మోటారు కదిలేది. ఈ అలవాటు గనిలోనే ఆగక గని కార్మికులుండే మా లైన్ల ఇళ్లలోకి వచ్చేసింది. అమ్మ గోడ మీద మూడు కొడితే నేను ఏ మూలనున్నా మూడు కొట్టాల్సిందే. పక్కింట్లోనూ ఇదే తంతు. పిలుపుకు జవాబు రాలేదంటే మా దగ్గర ఎవరూ కోపం తెచ్చుకోరు, లేచి పరుగెత్తుతారు.

గనులు మూసేశాక ఊళ్లో సగం మంది పొద్దున రైలుకు బెంగళూరు పోయి సాయంత్రం తిరిగొచ్చే బతుకులో పడ్డారు. నేను తమక అనే ఊళ్లో ఒక చిన్న ఎలక్ట్రానిక్స్ యూనిట్‌లో బోర్డులకు సోల్డరింగ్ చేసే పనికి కుదిరాను. మా ఆయన అండర్‌గ్రౌండ్‌లో డ్రిల్లు పట్టినవాడు. కొన్నాళ్లు బెంగళూరులో వాచ్‌మన్‌గా చేసి, కుర్చీలో కూర్చుని గేటును కాపలా కాయడం నావల్ల కాదని వచ్చేశాడు. ఆ తర్వాత ఆయనకు దొరికిన పని నేను కలలో కూడా అనుకోనిది. ముళబాగిలు వైపు పల్లెల్లో ఎండిపోయిన పాత బావులున్నాయి. వాటి అడుగుకు దిగి గోడలోకి అడ్డంగా బోర్లు వేస్తే ఎక్కడో ఒక ఊట తగులుతుందని రైతుల ఆశ. కింద ఇరుకు, చీకటి, గాలి ఆడదు. అందులోకి ఎవరు దిగుతారు? కేజీఎఫ్ వాళ్లు దిగుతారు.

వద్దని ఏడ్చాను. అన్నం మానేశాను. మాట్లాడటం మానేశాను. నేను మాట్లాడకపోతే ఇంటికి పండగే గనుక అది పారలేదు. గనిలో అంత లోతుకు పోయినోణ్ణి, ఈ బావికి భయపడాలా అని మా ఆయన నవ్వాడు. గనిలో దిగినప్పుడు పైన మా నాయన ఉండేవాడు. బావి పైన ఎవరుంటారు? అదే అడిగాను. ఆయన చెప్పులేసుకుని బయటికి పోయాడు.

ఆ మాట నాయన విన్నాడు. మరుసటి ఆదివారం సబ్బుపెట్టె తెరిచాడు. బావి కాంట్రాక్టరు దగ్గర తాడు చుట్టి లాగే మోటారు వించి ఒకటుండేది, ఇనుప తొట్టిలో మనిషిని నిలబెట్టి దించేది. దానికి నాయన ఒక పెట్టె కట్టాడు. కింద తాడు లాగితే పైన గంట మోగుతుంది. పైనున్న మనిషి బటన్ నొక్కి అన్నిసార్లే జవాబివ్వాలి. పిలుపూ జవాబూ సరిపోతేనే మోటారు కదులుతుంది. తొట్టి ఎంత లోతులో ఉందో ఎర్రటి అంకెల్లో కనబడుతుంది. ఆ లెక్కంతా చూసేది మా 2650. ప్రోగ్రాం నాయన కాగితం మీద రాస్తే, నేను మా ఓనరును బతిమాలి యూనిట్‌లో దాన్ని మెమరీ చిప్పులోకి ఎక్కించుకొచ్చాను. అప్పుడే ఆ తోబుట్టువుతో నాకు మొదటిసారి పొత్తు కుదిరింది.

అది పనిచేసే తీరు నాయన నాకు ఇట్లా చెప్పాడు. గంట మోగగానే చిప్పు చేస్తున్న పనిని వదిలి గంట వైపు పోతుంది. తిరిగి ఎక్కడికి రావాలో గుర్తుకు ఒక టోకెను తగిలించి పోతుంది. జవాబు వచ్చాక ఆ టోకెను తీసుకుని వెనక్కి వస్తుంది. జవాబు రాకముందే ఇంకో పిలుపు వస్తే, ఇంకో టోకెను తగిలించి ఇంకాస్త లోపలికి పోతుంది. చాలా చిప్పులు ఈ గుర్తుల్ని బయట మెమరీలో పెట్టుకుంటాయి, అక్కడ చోటుకు కొదవ లేదు. దీనికి మాత్రం ఆ చోటు కడుపులోనే ఉంది. గనిలో దిగేవాళ్లు తమ ఇత్తడి టోకెన్లు తగిలించి పోయే పలక లాంటిదన్నమాట.

"ఎనిమిది కొక్కేలు ఉండాయమ్మా" అన్నాడు. "తొమ్మిదోది తగిలిస్తే మొదటిది రాలిపోతాది. ఇంగ దానికి ఇంటి దారి తెలీదు."

మరి తొమ్మిదోది వస్తే ఎట్లా అని అడిగాను. ఏ పనిలోనైనా నాకు ముందు చెడే దారే కనబడుతుంది, అది నా జబ్బు.

నాయన నా వైపు వింతగా చూశాడు. "జవాబియ్యకుండా ఎనిమిది పిలుపులు ఇనేవాడు యాడన్నా ఉంటాడా?"

నేనూ ఈ ఊరిదాన్నే కదా. అట్లాంటి మనిషి మా ఇద్దరి ఊహకూ అందలేదు.

మొదటి బావుల దగ్గర నాయనే పైన కూర్చున్నాడు. ఆ రోజుల్లో నేను తమకలో కొంచెం నెమ్మదిగా ఊపిరి పీల్చుకోగలిగాను. కింద మా ఆయన మూడు కొట్టేవాడు, పైన ఈయన మూడు కొట్టేవాడు, తొట్టి మెల్లగా పైకొచ్చేది. కానీ గని దుమ్ము నాయన ఊపిరితిత్తుల్లో ఎప్పటినుంచో కాపురం ఉంది. చలికాలం వచ్చేసరికి నాలుగడుగులు వేస్తే ఎగశ్వాస. బైరకూరు దగ్గరి చేలో పని మొదలైనప్పుడు కాంట్రాక్టరు ఆయన బదులు లక్కూరు నుంచి ఒక మనిషిని పెట్టాడు. మంచివాడే, మోటార్ల పని తెలిసినవాడే. గనిని మాత్రం ఎన్నడూ చూడలేదు. నాయన ఒక రోజంతా పక్కన కూర్చుని అతనికి గంటలు నేర్పి వచ్చాడు. వచ్చినప్పటినుంచీ ఇంట్లో నిలకడగా లేడు. అన్నం ముందు కూర్చుని మధ్యలో చెయ్యి ఆపి, ఏదో వింటున్నట్టు తల పక్కకు పెట్టేవాడు.

చివరికి ఇద్దరం ఒక రోజు సెలవు పెట్టుకున్నట్టు బయల్దేరాం. నేను నిజంగానే సెలవు పెట్టాను, ఆయన అమ్మ దగ్గర అబద్ధం పెట్టాడు. మా ఆయనకు అన్నం క్యారియర్ తీసుకుపోతున్నామని సాకు. బస్సు దిగి రాగి చేల మధ్య దారిలో నడుస్తుంటే గంట వినిపించింది. అది వర్క్‌షాపు తుక్కులో కొన్న గంట, చాలా దూరం పోతుంది. మూడు. నాయన నడుస్తూనే, తనకు తెలియకుండానే, చేతికర్రతో నేల మీద మూడు కొట్టాడు. ఇద్దరం జవాబు కోసం చెవులు పెట్టాం.

రాలేదు. మళ్లీ మూడు మోగింది.

జవాబు రాలేదు. నాయన ఆగిపోయాడు. మూడోసారీ మోగింది. నాలుగు అడుగులు గబగబా వేసి, పక్కటెముకలు పట్టుకుని కూలబడ్డాడు. నేను పట్టుకోబోతే చెయ్యి విదిలించి బావి వైపు చూపించాడు. "నువ్వు పో" అన్నాడు.

క్యారియర్ అక్కడే పడేసి పరుగెత్తాను. చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని, రాగి కోసిన మొదళ్లు కాళ్లకు గుచ్చుకుంటుంటే, ఏడుస్తూ లెక్కపెట్టాను. నాలుగు. అయిదు. మధ్యలో ప్రభువా అని ఒకసారి, ఆ లక్కూరువాణ్ణి ఒకసారి, చిప్పును ఒకసారి తలుచుకున్నాను. ఆరోది మోగినప్పుడు బావి గట్టు మీద మనుషులు కనబడ్డారు. ఎవరో ఒకరు జవాబు కొడతారనే అనుకున్నాను. ఒక్క బటన్. ఏడు. ఎనిమిది. నేను గట్టు ఎక్కుతుండగా తొమ్మిదోది మోగింది.

పైన సంబరంగా ఉంది. అందరూ బావిలోకి వంగి చూస్తున్నారు. చేను గల ముసలాయన కళ్లు తుడుచుకుంటున్నాడు, ఆయన భార్య కర్పూరం వెలిగిస్తోంది. లక్కూరు మనిషి పెట్టె వదిలేసి, గట్టు అంచున నిలబడి నవ్వుతున్నాడు. నన్ను చూసి, శుభవార్త చెప్పేవాడి మొహంతో అన్నాడు: "నీళ్లు పడినాయమ్మా. మీ ఆయన సంతోషంతో గంట కొడతానే ఉండాడు చూడు."

నేను పెట్టె మీద పడి బటన్ మూడుసార్లు నొక్కాను. ఏమీ కాలేదు. మళ్లీ నొక్కాను. ఎర్ర అంకెలు ఉన్నచోటే వెలుగుతున్నాయి, మోటారు మూలగనైనా మూలగలేదు. మొదటి టోకెను రాలిపోయింది. ఆ చిప్పు లోపల ఎక్కడో తిరుగుతూ ఉండి ఉంటుంది, ఇంటి దారి తెలియక. కిందికి వంగి చూస్తే దీపం లేదు. నీళ్లు దూకుతున్న చప్పుడు మాత్రం ఉంది. పేరు పెట్టి పిలిచాను, నా గొంతే నాకు తిరిగొచ్చింది. గంట ఆగిపోయింది.

ఆ తర్వాత నా నోటికి వచ్చిన మాటలు చర్చికి పోయే ఆడది అనే మాటలు కావు. కర్పూరం ఆరిపోయింది. వించికి చేతితో తిప్పే పిడి ఉంది, దాన్ని బిగించి తిప్పమని అరిచాను. ముసలాయనా లక్కూరు మనిషీ చెరో పక్క పట్టారు. నేను కింద పడున్న స్పానరు తీసుకుని వించి ఇనుప కాలు మీద మూడు కొట్టాను. కొట్టి విన్నాను. మళ్లీ మూడు. ఆయన తొట్టిలోకి ఎక్కాడో లేదో తెలియదు. తాడుకు బరువు తగిలినట్టే ఉంది, అది నీళ్ల బరువేమో. తిప్పేవాళ్లు నా మొహం చూసి ఆగారు. ఆగకండి అన్నాను. మూడు కొట్టాను.

కింది నుంచి తొట్టి మీద ఏదో తగిలింది. ఒకటి. చాలాసేపటికి రెండోది. మూడోది వచ్చింది.

పైకొచ్చేసరికి మా ఆయన ఛాతీ దాకా బురద, పెదాలు నీలం. నీళ్లు తోసుకొచ్చిన ఊపుకు లోపల నిలవున్న చెడ్డగాలి పైకి లేచిందట. దీపం ఆరిపోయింది, తల తిరిగింది, తొట్టి అంచు పట్టుకుని వేలాడుతూ గంట కొట్టాడు. నేను ఆయన వీపు రుద్దుతూ తిడుతూనే ఉన్నాను. అప్పటికి నాయన కర్ర మీద వాలుతూ, ఈడ్చుకుంటూ వచ్చి చేరాడు. మా ఆయన తలెత్తి ఆయన్ను చూశాడు.

"మోటారన్నాక చెడిపోతాది, అది నాకు తెలుసు" అన్నాడు. "గంటకు జవాబెందుకు రాలేదు మామా?"

నాయన నోరు తెరిచి, మూశాడు. పిలిస్తే ఆయన పలకకపోవడం నా జీవితంలో చూడటం అదే మొదటిసారి.

పెట్టె ముందు కూర్చుని ఆ ఎర్ర అంకెల్ని చూశాడు. తర్వాత వైరు పీకి, స్క్రూడ్రైవరుతో చిప్పును ఎత్తి బయటికి తీశాడు. ఎప్పుడూ దాన్ని పసిబిడ్డలా పట్టుకునేవాడు, ఆ రోజు విసురుగా పెకిలించేసరికి దాని కాలొకటి వంగింది. తిరుగు బస్సులో కిటికీ వైపు మొహం పెట్టుకుని ఒకే మాట అన్నాడు: "దానిది తప్పు లేదమ్మా. ఎనిమిదే అని మాన్యువల్‌లో రాసే ఉండాది. జవాబు రాకుండా ఉంటాదని నేనే అనుకోలే." లక్కూరు మనిషి మీద నాకు ఇప్పటికీ కోపమే. కానీ అతని ఊళ్లో గంట గుళ్లో మోగుతుంది, పెళ్లిలో మోగుతుంది. అతనికి అది సంబరంలాగే వినబడిందంటే ఏమనగలను?

మా ఆయన ఆ తర్వాత కూడా బావుల్లోకి దిగాడు. కానీ దిగిన ప్రతిసారీ పైన నాయన ఉండాల్సిందే, మధ్యలో ఏ చిప్పూ లేకుండా. దగ్గుతూ, దుప్పటి కప్పుకుని, చేతిలో సుత్తి పట్టుకుని కూర్చునేవాడు. ఆయన ఇంక కూర్చోలేని రోజు వచ్చినప్పుడు మా ఆయన కూడా ఆ పని మానేశాడు. ఇప్పుడు స్టేషను దగ్గర ఆటో నడుపుతాడు.

నాయన ఇప్పుడు ముందుగదిలో ఇనుప మంచం మీద ఉంటాడు. అమ్మ లేదు. నేను పొద్దున పొయ్యి వెలిగించగానే గరిటెతో వంటింటి గోడ మీద మూడు కొడతాను, ఆయన మంచం కోడు మీద కర్రతో మూడు కొడతాడు. ఆ చప్పుడు వినిపించాకే నేను కాఫీ కలుపుతాను. మొన్నొక పొద్దున కొట్టాను, జవాబు లేదు. మళ్లీ కొట్టాను, లేదు. మూడోసారి కొట్టి, గోడకు చెవి ఆనించాను. రాగి చేలో పరుగెత్తిన కాళ్లే ఇవి, కానీ గుమ్మం దాకా పోవడానికి కూడా రాలేదు.

ఎట్లాగో పోయి చూస్తే ఆయన కళ్లు తెరుచుకునే ఉన్నాడు. కర్ర కింద పడి ఉంది. నాకు ఒళ్లు మండిపోయింది. బతికుండి కూడా పలకకపోతే ఎట్లా, నా ప్రాణం తీయాలనా అని గట్టిగా అరిచాను. ఆయన నా అరుపు అయ్యేదాకా ఆగాడు. మాట రావడానికి ఊపిరి కూడదీసుకోవాల్సి వచ్చింది.

"ఇచ్చినానమ్మా" అన్నాడు. "మూడుసార్లూ ఇచ్చినాను."

అప్పుడు ఆయన చెయ్యి చూశాను. మంచం పట్టీ మీద చూపుడువేలు మెల్లగా లేచి పడుతోంది. మూడు సార్లు. పక్కనే నిలబడినా నాకు చప్పుడు వినబడలేదు. నేను కింద కూర్చుని మంచం పట్టీకి చెవి ఆనించాను. మళ్లీ కొట్టమన్నాను.